మట్టి కప్పూ, ఎంగిలి మూతీ

చేత్తో చేసింది, కట్టెల మంటలో కాల్చింది, రోజువారీ వాడకానికి పనికొచ్చేది. హస్తకళల సంతల్లో, నగరాల్లోని ఖరీదైన దుకాణాల్లో పిడి ఉన్న మట్టి కప్పు పక్కన తరచుగా కనిపించే వర్ణన ఇది. ఇంగ్లీషు తెలిసినవాళ్ళు దాన్ని మగ్ అంటారు. తెలుగులో మగ్గు అంటే స్నానాల గదిలో బక్కెట్లో తేలే ప్లాస్టిక్ వస్తువు కాబట్టి, మేం దాన్ని కప్పు అనే పిలుస్తాం. ఈ మూడు విశేషణాలూ చూడ్డానికి అమాయకంగా ఉంటాయి. చేతి పని, కట్టెల మంట, రోజువారీ జీవితం - వీటిలో అభ్యంతరం చెప్పాల్సిందేముంది? కానీ ఏ చెయ్యి, ఎవరి మంట, ఎవరి రోజు అని అడగడం మొదలుపెడితే ఆ కప్పు అంత తేలిగ్గా చేతికి అందదు.

ఒక కప్పు గురించి దళిత అధ్యయన పత్రికలో ఇంత రాయాలా అని ఎవరన్నా అడగొచ్చు. ఈ దేశంలో టీ గ్లాసు దగ్గర మనుషులు దెబ్బలు తిన్నారు. నీళ్ళ ముంత దగ్గర ప్రాణాలు పోగొట్టుకున్నారు. హోటల్లో ఏ గ్లాసులో టీ పోస్తారన్నది మన పల్లెల్లో ఆత్మగౌరవ పోరాటాలకి మొదటి మెట్టు అయింది. పాత్ర మీద ఇంత చరిత్ర ఉన్న సమాజంలో పాత్ర అందాన్ని గురించిన సిద్ధాంతం ఆ చరిత్రని ఎట్లా దాటుకుని పోయిందో చూడ్డమే ఈ వ్యాసం పని.

ఆ సిద్ధాంతం ఇక్కడ పుట్టింది కాదు. జపాన్‌లో యనాగి సోయెత్సు, కుమ్మర కళాకారులు హమదా షోజి, కవాయి కంజిరోలతో కలిసి 1925లో 'మింగెయ్' అనే మాట సృష్టించాడు. సాధారణ జనం చేసే, సాధారణ జనం వాడే కళ అని దానర్థం. ఫ్యాక్టరీ సరుకు ఇళ్ళని ముంచెత్తుతున్న రోజులవి. పేరు చెప్పుకోని పనివాడు, అహం లేకుండా, రోజూ వందలకొద్దీ చేసే మామూలు గిన్నెలోనే నిజమైన అందం ఉందని యనాగి వాదించాడు. 1936లో టోక్యోలో జానపద హస్తకళల మ్యూజియం పెట్టాడు. ఇంగ్లీషువాడైన బెర్నార్డ్ లీచ్, హమదాతో కలిసి 1920లో కార్న్‌వాల్‌లోని సెంట్ ఐవ్స్‌లో కుమ్మరశాల స్థాపించాడు. 1940లో అతను రాసిన కుమ్మరి పుస్తకం ఇంగ్లీషు చదవగలిగిన దేశాల్లోని స్టూడియో కుమ్మరులకి పాఠ్యగ్రంథం అయింది. యనాగి వ్యాసాల్ని కూడా లీచే ఇంగ్లీషులోకి మలిచి 1972లో 'అజ్ఞాత హస్తకళాకారుడు' అన్న అర్థమొచ్చే పేరుతో వేయించాడు. మన దగ్గర మట్టి కప్పు గురించి మాట్లాడే భాష చాలావరకు ఈ దారిలో వచ్చిందే. నిరాడంబరత, నిజాయితీ, వినయం, లోపంలోని అందం - ఈ మాటలు ఎక్కడ వినిపించినా వాటి వెనక యనాగి ఉంటాడు.

యనాగిని తేలిగ్గా కొట్టెయ్యడం మా ఉద్దేశం కాదు. రాజుల కొలువుల కళని, సంతకాల కళని పక్కకి నెట్టి, పేదవాడి అన్నం గిన్నెని మధ్యలో పెట్టినవాడు అతను. కొరియా జపాన్ వలసగా ఉన్న కాలంలో కొరియా జనం చేతిపనిని గౌరవించాలని రాశాడు, 1924లో సియోల్‌లో మ్యూజియం కూడా పెట్టాడు. ఇది చిన్న విషయం కాదు. అయితే అతను ఎంతో మెచ్చుకున్న కిజాయెమాన్ గిన్నె కథ వినండి. అది కొరియాలో ఎవరో పేద కుమ్మరి చేసిన, ఎవరో పేదవాడు అన్నం తిన్న మామూలు గిన్నె అని యనాగి నమ్మకం. అది జపాన్ చేరి, టీ సంప్రదాయపు పెద్దల చేతుల్లో పడి, క్యోటోలోని ఒక ఆలయంలో, పెట్టె లోపల పెట్టెలో దాచే జాతీయ సంపద అయింది. 1592 నుంచి 1598 వరకు కొరియా మీద జపాన్ చేసిన దండయాత్రల్లో కొరియా కుమ్మరుల్నే బందీలుగా పట్టుకుపోయారు. ఆ గిన్నె చేసినవాడికి పేరు లేకపోవడం అతని వినయం వల్ల జరిగిందా? పేరు అడిగినవాడు లేకపోవడం వల్ల జరిగిందా? యనాగి మొదటిదాన్నే చూశాడు.

ఇంకో తమాషా ఉంది. అజ్ఞాత కళాకారుణ్ణి కీర్తించినవాళ్ళెవరూ అజ్ఞాతంగా ఉండిపోలేదు. లీచ్ తన పాత్రల మీద ముద్ర వేసేవాడు. హమదా ముద్ర వెయ్యలేదు గానీ, ఆ ముద్ర లేకపోవడమే అతని ముద్ర అయింది, 1955లో జపాన్ ప్రభుత్వం అతన్ని సజీవ జాతీయ సంపదగా ప్రకటించింది. అంటే పేరు లేకుండా ఉండడం కూడా, ముందు పేరు ఉన్నవాడికే శోభ.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మన దగ్గర కుమ్మరికి పేరు లేకపోవడం కాదు సమస్య, కులమే అతని పేరు కావడం సమస్య. ఏ ఊరికి పోయి కుండ ఎవరు చేశారని అడిగినా 'కుమ్మరోళ్ళు' అంటారు. పదహారో శతాబ్దంలో రామాయణం రాసిన మొల్లకి కూడా లోకం 'కుమ్మర మొల్ల' అనే పేరు పెట్టింది. బ్రాహ్మణ కవి పేరు ముందు వాళ్ళ నాయన వృత్తిని ఎవరూ అంటించరు. సారె ముందు కూర్చున్నవాడు ఎవడన్నా, చెరువు మన్ను తొక్కేది ఎవరన్నా, ఆవం పేర్చేది ఎవరన్నా, వాళ్ళ పని వాళ్ళది కాదు, కులానిది. యనాగి చెప్పిన 'అహం లేని పని'కి మన సమాజంలో అచ్చమైన రూపం కుల వృత్తి. మనిషి తన పని తాను ఎంచుకోకపోవడాన్ని, ఆ పని మీద తన పేరు లేకపోవడాన్ని, దాని ధర తాను చెప్పలేకపోవడాన్ని ఆధ్యాత్మిక గుణంగా చూపించే సిద్ధాంతం కులం ఉన్న దేశంలో ఎంత ప్రమాదకరమో వేరే చెప్పాలా? కుల వ్యవస్థ శ్రమని విభజించడంతో ఆగలేదు, శ్రామికుల్నే విభజించింది అని అంబేద్కర్ 1936లోనే తేల్చి చెప్పాడు. ఆ మాట మింగెయ్ చదివినవాళ్ళు చదవలేదు. మింగెయ్ మాట మనం చదవలేదు. ఈ రెండు గ్రంథాలయాలు ఒకే దేశంలో పక్కపక్కనే ఉన్నాయి.

కట్టెల మంట గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఊరి కుమ్మరి ఆవంలో కట్టె, గడ్డి, పిడకలు, తాటాకు ఏది దొరికితే అది వేస్తాడు. వేడి సుమారు 700 నుంచి 900 డిగ్రీల దాకా పోతుంది. ఆ కుండ మెత్తగా, రంధ్రాలతో ఉంటుంది కాబట్టే నీళ్ళు చల్లబడతాయి. స్టూడియో కుమ్మరి బట్టీ 1250 డిగ్రీలు దాటుతుంది, కొన్ని బట్టీలు రోజుల తరబడి మండుతాయి, కట్టెల బూడిద ఎగిరి పాత్ర మీద పడి కరిగి గాజు పొరలా మారుతుంది. ఆ బూడిద ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలీదు కాబట్టి ఏ రెండు కప్పులూ ఒక్కలా ఉండవు, అందుకే దానికి అంత ధర. మంట చేసిన పొరపాటు స్టూడియోలో అందం, ఊరి ఆవంలో నష్టం. మసి పట్టి, పక్కకి వంగిన కుండని ఊళ్ళో వేలితో కొట్టి చూసి పక్కన పెట్టేస్తారు. మట్టి ఒకటే, నిప్పు ఒకటే. పొరపాటు చేసే హక్కు ఎవరికుందన్నదే తేడా.

ఇక్కడ మన ఉద్యమం లోపలి వాదన ఒకటి ఉంది, దాన్ని దాటవెయ్యలేం. ఉత్పత్తి కులాల జ్ఞానాన్ని, శ్రమ గౌరవాన్ని ముందుకు తేవాలన్న ఆలోచన మనకి కొత్తది కాదు. కంచ ఐలయ్య పిల్లల కోసం ఇంగ్లీషులో రాసిన, 2007లో వచ్చిన పుస్తకం పేరులోనే కుండ తిప్పడం, నేల దున్నడం ఉన్నాయి. బడి పుస్తకాల్లో కుమ్మరి జాడ లేని చోట ఆ పుస్తకం చేసిన పని గొప్పది. మట్టిని ఎంచి, నానబెట్టి, తొక్కి, సారె మీద నిలబెట్టి, నిప్పులో గట్టిపరచడం ఒక శాస్త్రం అని మనం పిల్లలకి చెప్పి తీరాలి. కానీ ఆ వాదనని పట్టుకుని కొందరు మిత్రులు ఇంకో అడుగు వేస్తున్నారు. స్టీలు వద్దు, పింగాణీ వద్దు, మట్టి పాత్రే మన బహుజన సంస్కృతి, దళిత విద్యార్థులు దాన్ని గర్వంగా చేతికి తీసుకోవాలి అంటున్నారు. ఈ అడుగు దగ్గరే మా పేచీ.

మట్టి పాత్ర కుమ్మరికి పని. మాలకీ మాదిగకీ అది ఇంకొకటి కూడా. 'మూతికి ముంత, ముడ్డికి తాటాకు' అన్న మాట మన సభల్లో విననివాళ్ళు ఉండరు. పేష్వాల రాజధాని పూనాలో అంటరానివాళ్ళు ఉమ్మి నేల మీద పడకుండా మెడలో మట్టి ముంత వేలాడదీసుకుని తిరగాలన్న ఆంక్షని అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో నమోదు చేశాడు. ముంతే ఎందుకు? మనుస్మృతి ఐదో అధ్యాయం చదివితే జవాబు దొరుకుతుంది. లోహపు పాత్ర మైలపడితే తోమి శుద్ధి చేసుకోవచ్చు. మట్టి పాత్ర మైలపడితే మళ్ళీ కాల్చి శుద్ధి చెయ్యాలి. కానీ కల్లు, మూత్రం, ఉమ్మి, నెత్తురు లాంటివి తగిలిన మట్టి పాత్ర ఎన్నిసార్లు కాల్చినా శుద్ధి కాదు. అంటే ఎంగిలిని శాశ్వతంగా పట్టి ఉంచుకునే పాత్ర మట్టి పాత్ర. శాస్త్రం దృష్టిలో ఏది ఎన్నటికీ శుద్ధి కాదో దాన్నే తెచ్చి మన పూర్వీకుల మూతికి కట్టారు.

అదే గ్రంథం పదో అధ్యాయంలో చండాలుల్ని 'అపపాత్రులు' అంటుంది. వాళ్ళు వాడిన పాత్రని ఇంకెవరూ వాడకూడదు, పారెయ్యాల్సిందే అని దాని భావం. వాళ్ళు పగిలిన పాత్రల్లో తినాలని కూడా అక్కడే ఉంది. మన తెలుగులో అర్హతని 'పాత్రత' అంటాం, అర్హత లేనివాణ్ణి 'అపాత్రుడు' అంటాం, ఇవ్వకూడనివాడికి ఇస్తే 'అపాత్రదానం' అంటాం. ఈ మాటల్ని మన ఉపాధ్యాయులు తరగతి గదుల్లో రోజూ వాడుతూనే ఉంటారు. స్కాలర్‌షిప్పుకి పాత్రులు, ఉద్యోగానికి పాత్రులు! అర్హత అన్న భావమే గిన్నెలోంచి పుట్టిన భాష మనది. ఏ గిన్నె ఎవరికన్నది తేలాకే ఎవరు దేనికి తగినవాళ్ళో తేలింది.

ఇక 'రోజువారీ వాడకం'. మింగెయ్ సిద్ధాంతానికి గుండెకాయ లాంటి మాట ఇది. మాకు అన్నిటికన్నా అనుమానం కలిగించేదీ ఇదే. వాడడం అంటే ఏం చెయ్యడం? కప్పు అందాన్ని చర్చించే కుమ్మరులు అంచు గురించి ఎంతో శ్రద్ధగా మాట్లాడతారు. పెదవికి తగిలే అంచు మరీ పలచన కాకూడదు, మరీ మందం కాకూడదు, గుండ్రంగా, నున్నగా ఉండాలి. పిడిలో రెండు వేళ్ళు పట్టాలి, వేడి చేతికి తగలకూడదు. ఇదంతా నిజమే, మంచి కప్పుకి ఇవి కావాలి. కానీ చూడండి, ఈ సౌందర్యమంతా పెదవి అంచుకి తగులుతుందన్న నమ్మకం మీద నిలబడి ఉంది. మన దేశపు పాత్ర ఆ నమ్మకం మీద నిలబడలేదు. చెంబెత్తి పైనుంచి గొంతులో పోసుకోవడం మడి. కాఫీ గ్లాసు అంచు బయటికి వంచి ఉండేది పెదవి తగలకుండా ఎత్తి పోసుకోడానికి వీలుగా. అంటరానివాడికి నీళ్ళు పొయ్యాల్సి వస్తే దోసిలి పట్టమని పైనుంచి పోస్తారు. చిన్నప్పుడు బడిలో ప్యూను వచ్చి కుళాయి తిప్పితే తప్ప దాహం తీరని రోజుల గురించి అంబేద్కర్ రాసుకున్నాడు. పెదవికీ పాత్రకీ మధ్య జానెడు దూరం పెట్టడమే ఇక్కడి రూపకల్పన. జపాన్‌లోనో కార్న్‌వాల్‌లోనో 'వాడకం' అన్న మాట అందరికీ ఒకటే కావచ్చు, ఇక్కడ కాదు. ఇక్కడ వాడకం అంటే ముందు ఎంగిలి ఎవరిదన్న ప్రశ్న. ఓంప్రకాశ్ వాల్మీకి 1997లో వచ్చిన తన ఆత్మకథకి 'జూఠన్', అంటే ఎంగిలి, అని పేరు పెట్టడం ఊరికే కాదు.

ఉత్తరాదిన రైలు స్టేషన్లలో మట్టి ముంతలో టీ ఇచ్చే ఆచారాన్ని ఇప్పుడు అందరూ పర్యావరణం పేరుతో మెచ్చుకుంటారు. కుల్హడ్ అని ముద్దుగా పిలుస్తారు. 2004లో రైల్వే మంత్రిగా లాలూప్రసాద్ యాదవ్ ప్లాస్టిక్ బదులు కుల్హడ్లు వాడాలన్నాడు, అది కొన్నాళ్ళకి నీరసపడింది. 2020లో పీయూష్ గోయల్ అప్పటికి 400 స్టేషన్లలో కుల్హడ్లలో టీ ఇస్తున్నామని, ముందు ముందు అన్ని స్టేషన్లకీ విస్తరిస్తామని ప్రకటించాడు. కుమ్మరులకి పని దొరుకుతుందంటే మేం వ్యతిరేకించం. కానీ ఆ ముంత పూర్వ చరిత్ర ఏమిటి? రైలు అన్ని కులాల్నీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టింది. వలస పాలన కాలంలో స్టేషన్లలో 'హిందూ నీళ్ళు', 'ముస్లిం నీళ్ళు' వేరువేరుగా అమ్మేవాళ్ళు. ఒకసారి తాగి పగలగొట్టే మట్టి ముంత అక్కడ అద్భుతంగా పనికొచ్చింది, ఎందుకంటే దాన్లో నీకు ముందు ఎవరూ తాగలేదు. దాని పరిశుభ్రత ఎంతో అంతే దాని కులం. పగలగొట్టడంలో ఉన్న ఆ సంతోషాన్ని పర్యావరణ ప్రేమగా చదివేవాళ్ళు 'అపపాత్ర' అన్న మాటని ఒకసారి గుర్తు చేసుకోవాలి. వాడినవాడి ఎంగిలి భరించలేక పాత్రనే చంపెయ్యడం అక్కడిది. ఆ నియమం చండాలుడితో మొదలై చివరికి ప్రయాణికుడందరికీ వర్తించింది. రైల్లో ప్రతివాడూ పక్కవాడికి చండాలుడే కదా!

మన తెలుగు పల్లెల్లో కథ వేరేగా నడిచింది. కొబ్బరి చిప్ప, తాటాకు దొప్ప, సత్తు గ్లాసు, ఆ తర్వాత గాజు గ్లాసు. హోటల్ చూరులో దోపినదో, దడికి తగిలించినదో, బయట బండ మీద బోర్లించినదో మాలలకీ మాదిగలకీ. వాళ్ళే తీసుకోవాలి, వాళ్ళే కడుక్కోవాలి, మళ్ళీ వాళ్ళే పెట్టాలి. ఇదే రెండు గ్లాసుల పద్ధతి. హోటళ్ళలో ఉంచిన పాత్రలు వాడుకోనివ్వకపోవడం నేరమని 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టమే పేరుపెట్టి చెప్పింది (1976 సవరణతో దాని పేరు పౌర హక్కుల పరిరక్షణ చట్టంగా మారింది). అయినా 1990ల చివర అంటరానితనంపై విచారణ జరిపిన జస్టిస్ పున్నయ్య కమిషన్ రాష్ట్రంలో రెండు గ్లాసుల్ని చూసింది. 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల్ని పరిశీలించి 2006లో వెలువడిన గ్రామీణ అంటరానితనపు అధ్యయనమూ చూసింది.

ఈ రెండో గ్లాసు దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మనువు తర్కం ఇక్కడ బద్దలవుతుంది. మట్టి పాత్ర ఎంగిలిని పీల్చుకుంటుంది, దానికి రంధ్రాలున్నాయి, కాబట్టి శుద్ధి కాదు అని సమర్థించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, దానికి విజ్ఞాన శాస్త్రపు రంగు కూడా పూస్తారు. మరి గాజుకి రంధ్రాలు లేవే? అది ఏమీ పీల్చుకోదే? వేడి నీళ్ళతో కడిగితే మరక కూడా మిగలదు. అయినా గాజు గ్లాసూ రెండయింది. స్టీలు గ్లాసూ రెండయింది. అంటే మైల మట్టిలో లేదు, ఎప్పుడూ లేదు. పాత్ర గుణం మారినప్పుడల్లా కులం కొత్త పాత్రలోకి ఇంకిపోయింది. ఆ తర్వాత ప్లాస్టిక్, కాగితం గ్లాసులు వచ్చాయి. చట్టం భయం పెరిగిన చోట రెండో గ్లాసు చూరులోంచి మాయమైంది గానీ, దళితులకి మాత్రం వాడి పారేసే గ్లాసు, మిగతావాళ్ళకి కడిగిన గ్లాసు అన్న పద్ధతి వచ్చింది. కేసు పెడితే ఏమని పెడతారు? 'మీకే శుభ్రమైనది ఇచ్చాం కదండీ' అంటాడు హోటలువాడు.

స్టూడియో కప్పు ఈ చరిత్రలోకి ఎక్కడ వస్తుందో ఇప్పుడు చూడొచ్చు. 1250 డిగ్రీల్లో కాలి, గాజు పొర పూసుకుని, నీళ్ళు పీల్చని ఆ కప్పు భౌతికంగా మనువు నియమాన్ని ధిక్కరించే వస్తువు. మట్టితో చేసిందే అయినా కడిగి మళ్ళీ ఇంకొకరు తాగడానికి చేసింది. దాని అంచు పెదవిని రమ్మంటుంది. కుల్హడ్ పక్కన పెట్టి చూస్తే, ఎంగిలి కలుపుకోడానికి ఇంతకన్నా తగిన మట్టి పాత్ర లేదు. ఆ కప్పులో ఈ గుణం ఉందని మేం ఒప్పుకుంటాం, కుమ్మరి నైపుణ్యంలో ఇది భాగమే. కానీ ఆ కప్పు చేరే ఇళ్ళల్లో ఏం జరుగుతోంది?

అపార్టుమెంట్లలో పనికి పోయే ఆడవాళ్ళకి టీ ఇస్తారు. చాలా ఇళ్ళల్లో ఆమె గ్లాసు వేరు. సింకు కిందో, బాల్కనీలో చీపురు పక్కనో, కిటికీ ఊచల దగ్గరో ఉంటుంది. అది ఒక్కోసారి స్టీలుది, ఒక్కోసారి పిడి విరిగిన పాత కప్పు. పిడి ఉన్నన్నాళ్ళూ అయ్యగారిది, అమ్మగారిది. పిడి విరిగాక పనిమనిషిది. పగిలిన పాత్రలో తినాలన్న పదో అధ్యాయం నియమాన్ని ఈ ఇంటివాళ్ళు ఎన్నడూ చదివి ఉండరు, చదవకుండానే పాటిస్తున్నారు. ఇంకా విడ్డూరం ఏమంటే, ఆ ఇంట్లోని చేత్తో చేసిన కప్పులన్నీ రోజూ కడిగేది ఆమే. ఆమె చెయ్యి కప్పు లోపలికీ బయటికీ, అంచు మీదికీ, పిడి సందులోకీ పోతుంది. ఆమె కడిగిన కప్పుని పెదవికి ఆనించుకోడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఆమె పెదవి మాత్రం దానికి తగలకూడదు. పల్లెలో రెండో గ్లాసు దళితుడే కడుక్కోవాలి, మొదటి గ్లాసు ముట్టకూడదు. నగరంలో మొదటి కప్పు దళిత స్త్రీయే కడగాలి, అందులో తాగకూడదు. చేతి దగ్గర అంటు సడలింది, మూతి దగ్గర బిగిసింది. శ్రమ కావాలి కాబట్టి చేతికి మినహాయింపు ఇచ్చారు.

చేతిపని గురించి రాసే విమర్శకులు కప్పు గోడ మీద కుమ్మరి బొటనవేలి ముద్ర కనిపిస్తే పరవశిస్తారు. ఆ కప్పు మీద అంతకన్నా ఎక్కువసార్లు ఆడిన వేళ్ళు ఇంకొకరివి. చేసిన చెయ్యి ఒక్కసారి తాకింది, కడిగిన చెయ్యి వెయ్యిసార్లు తాకింది. కడిగిన చెయ్యి ముద్ర మిగల్చదు, ముద్రలేవీ మిగలకుండా చెయ్యడమే ఆ చెయ్యి చేసే పని. యనాగి వెతికిన అజ్ఞాత శ్రామికులు నిజానికి వీళ్ళే. అతని సిద్ధాంతంలో వీళ్ళకి చోటు లేదు, ఎందుకంటే తయారీ దగ్గరే అతని చూపు ఆగిపోయింది. వాడకం గురించి ఇంత మాట్లాడిన సిద్ధాంతం వాడాక ఏం జరుగుతుందో చూడలేదు.

అయితే కుమ్మరులు మన వైపా, అటు వైపా అని కొందరు విద్యార్థులు అడుగుతుంటారు. ఇది తూకం వేసి తేల్చే ప్రశ్న కాదు. తెలంగాణలో ఐరేని కుండలు లేనిదే పెళ్ళి లేదు, కొత్త కుండ లేనిదే బోనం లేదు, చావుకీ కుండ కావాలి. ఇంత అవసరమైన మనిషి వెనుకబడిన కులాల జాబితాలో ఉన్నాడు, స్టీలూ ప్లాస్టిక్కూ వచ్చాక సారె వదిలి కూలికి పోయాడు. అతని మీద జరిగిన అన్యాయం నిజం. అతను తన కుండ ముట్టుకున్న మాదిగని మైలగా చూడగలగడమూ అంతే నిజం. అంబేద్కర్ చెప్పిన అంచెలంచెల అసమానత అంటే ఇదే, ఆవం పేర్చే చేతికి కూడా కింద ఇంకొక చెయ్యి ఉంటుంది. మట్టి పాత్రని మొత్తంగా బహుజన చిహ్నం చేస్తే ఈ మెట్లు కనపడకుండా పోతాయి. కుమ్మరి గర్వానికీ మాదిగ జ్ఞాపకానికీ ఒకే ముంత సరిపోదు. ఐక్యత కావాలంటే ఈ సంగతి ముందు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకోవాలి.

ఆ జ్ఞాపకం పాతదని అనుకోవద్దు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ నాయకత్వాన అంటరానివాళ్ళు చవదార్ చెరువు నీళ్ళు తాగాక, సవర్ణులు ఆ చెరువుని శుద్ధి చెయ్యడానికి వాడింది 108 మట్టి కుండలు. వాటితో నీళ్ళు తోడి, ఆవు పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపి మళ్ళీ చెరువులో పోశారు. 1985 జులైలో కారంచేడులో గొడవ మొదలైంది మాదిగలు తాగే నీళ్ళని మురికి చెయ్యొద్దన్నందుకు. అప్పుడు కొట్టడానికి వచ్చినవాళ్ళ మీదికి ఒక మాదిగ స్త్రీ బిందె ఎత్తింది. తెల్లారి, జులై 17న, హత్యాకాండ జరిగింది. 2022 ఆగస్టులో రాజస్థాన్‌లోని జాలోర్ జిల్లాకి చెందిన తొమ్మిదేళ్ళ దళిత పిల్లవాడు చనిపోయాడు. టీచరు కోసం పెట్టిన కుండలో నీళ్ళు తాగినందుకు కొట్టారని ఆ కుటుంబం ఆరోపించింది, కుండ సంగతి నిజం కాదని అవతలి పక్షం వాదించింది. ఒక బడిలో కుండ ముట్టుకున్నందుకు పిల్లవాణ్ణి కొట్టి ఉండొచ్చని దేశమంతా వెంటనే నమ్మగలిగింది. ఎందుకు నమ్మగలిగిందో మట్టి కుండ చల్లదనం గురించి వ్యాసాలు రాసేవాళ్ళు ఆలోచించాలి.

మట్టి కప్పు కొనొద్దని మేం అనడం లేదు. కుమ్మరికి తగిన ధర ఇచ్చి కొనండి, అతని పేరు అడిగి కొనండి. దాన్ని సమీక్షించేవాళ్ళు మాత్రం అంచు, పిడి, బూడిద మెరుపులతో ఆగిపోకుండా ఇంకో నాలుగు సంగతులు రాయాలి. ఇది ఏ ఇంట్లో ఉంటుంది, ఎందరు తాగుతారు, ఎవరు కడుగుతారు, కడిగినవాళ్ళు తాగుతారా? హస్తకళల ప్రదర్శనలకి వెళ్ళే మన విద్యార్థులు ఈ ప్రశ్నలు అక్కడే నిలబడి అడగొచ్చు, అమ్మేవాళ్ళు చిరాకుపడినా సరే.

మన సభల సంగతీ చెప్పుకోవాలి. వేదిక మీది పెద్దలకి సాసరుతో సహా పింగాణీ కప్పుల్లో టీ పోతుంది, కింద కూర్చున్న మూడొందల మందికి కాగితం కప్పుల్లో. అన్నిటికీ కడిగే కప్పులే పెడదామని ఎవరన్నా అంటే, అన్ని కప్పులు కడిగేదెవరని వెంటనే ఇంకొకరు అంటారు, అందరూ టీ తాగేసి తర్వాతి వక్త దగ్గరికి పోతారు.